సంతకం పెట్టించుకుంటే పూచీ తీరినట్టేనా?



2024 మే 19న విజయవాడలో పుట్టిన గోపి తోటకూర అమెరికాలోని టెక్సాస్ నుంచి రాకెట్టెక్కి అంతరిక్షం అంచు దాకా వెళ్ళి వచ్చారు. భారతీయుల్లో మొదటి అంతరిక్ష పర్యాటకుడని పత్రికలు, టీవీలు ఘనంగా చెప్పాయి. అంతకు మూడేళ్ళ ముందు, గుంటూరు ప్రాంతపు మూలాలున్న శిరీష బండ్ల మరో కంపెనీ వాహనంలో వెళ్ళినప్పుడు కూడా తెలుగువాళ్ళంతా ఇలాగే సంబరపడ్డారు. ఆమె టికెట్ కొని వెళ్ళలేదు, ఆ కంపెనీ ఉద్యోగిగా వెళ్ళారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలోనూ, కొలిమి దగ్గరా రెండు మాటలు వినిపిస్తుంటాయి. పిల్లలు "టికెట్ ఎంత?" అని అడుగుతారు. పెద్దలు "ఉన్నోళ్ళు పోతారు. వాళ్ళ డబ్బు, వాళ్ళ ప్రాణం. మధ్యలో మనకేం?" అంటారు.

పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక. సొంత డబ్బుతో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి మనిషి డెన్నిస్ టిటో అనే అమెరికా ధనికుడు. 2001 ఏప్రిల్ 28న రష్యావాళ్ళ సోయుజ్‌లో వెళ్ళి దాదాపు ఎనిమిది రోజులు ఉండి వచ్చాడు. సుమారు 2 కోట్ల డాలర్లు ఇచ్చాడని అప్పట్లో చెప్పుకున్నారు. తర్వాత రిచర్డ్ బ్రాన్సన్ స్థాపించిన వర్జిన్ గెలాక్టిక్ మొదట్లో 2 లక్షల డాలర్లకు టికెట్లు అమ్మి, పోనుపోను 4 లక్షల 50 వేలకు పెంచింది. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్‌కు చెందిన బ్లూ ఆరిజిన్ తన మొదటి ప్రయాణంలో ఒక సీటును వేలం వేస్తే 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది. మామూలు సీటు ధర ఎంతో ఆ కంపెనీ బయటపెట్టదు. ఇంత ఇచ్చి వాళ్ళు చూసేది ఎంతసేపు? వర్జిన్ వాహనం 80 కిలోమీటర్లు దాటి కొంచెం పైకి పోతుంది. బ్లూ ఆరిజిన్ రాకెట్టు 100 కిలోమీటర్లు దాటుతుంది. ఒంటికి బరువు తెలియని కొద్ది నిమిషాలు, కిటికీలోంచి నల్లటి ఆకాశం, కింద వంపు తిరిగిన భూమి. లేచిన దగ్గర నుంచి దిగేదాకా బ్లూ ఆరిజిన్ ప్రయాణం పది పదకొండు నిమిషాల్లో ముగుస్తుంది.

పెద్దల మాట సంగతి వేరు. "వాళ్ళ ప్రాణం, వాళ్ళిష్టం" అన్నది వినడానికి న్యాయంగానే ఉంటుంది. పరాయివాడి సొమ్ము మీద కన్నేయకుండా, పరాయివాడి సాహసానికి అడ్డుపడకుండా బతకమనే మనకు నేర్పారు. కానీ ఆ మాటలో ఒక లెక్క దాగి ఉంది. ప్రమాదానికి ఒప్పుకున్నవాడు ఒక్కడే, దాని భారం మోసేదీ వాడొక్కడే అన్న లెక్క అది. ఈ కరపత్రంలో ఆ లెక్క సరైనదో కాదో చూద్దాం. చేత్తో వస్తువు చేసి అమ్ముకుని బతికే మనకు ఇది దూరపు సంగతేమీ కాదు.

ముందు ఆ సంతకం ఏమిటో తెలుసుకోవాలి. ఈ ప్రయాణాలకు అమెరికాలో 2004లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం టికెట్ కొన్నవాడిని ప్రయాణికుడు అనరు, అంతరిక్షయానంలో పాల్గొనేవాడు అంటారు. మాట మార్చడం ఊరికే జరగలేదు. ప్రయాణికుడంటే బస్సులోనో విమానంలోనో ఎక్కినవాడు, వాడిని క్షేమంగా దించే పూచీ నడిపేవాడిది. పాల్గొనేవాడంటే తానుగా దిగినవాడు. ఈ వాహనం మనుషులను తీసుకెళ్ళడానికి సురక్షితమని అమెరికా ప్రభుత్వం ధ్రువీకరించలేదు అని కంపెనీ అతనికి రాతపూర్వకంగా చెప్పాలి. ఉన్న ప్రమాదాలన్నీ చెప్పాలి. తెలిసే ఒప్పుకుంటున్నానని అతను సంతకం పెట్టాలి. నష్టం జరిగితే దావా వేయనని కూడా ఇప్పుడున్న పద్ధతిలో రాసివ్వాలి.

నేల మీద ఉన్నవాళ్ళకు, ఆకాశంలో తిరిగే ఇతర విమానాలకు హాని జరగకుండా చూసే అధికారం ఎఫ్.ఏ.ఏ. అనే ప్రభుత్వ సంస్థకు ఉంది. 2021 జులై 11న బ్రాన్సన్, శిరీష వెళ్ళిన వాహనం తనకు కేటాయించిన గగనతలం దాటి కాసేపు బయట ఎగిరింది. దాని మీద విచారణ ముగిసేదాకా ఆ సంస్థ మళ్ళీ ఎగరనివ్వలేదు. లోపల కూర్చున్నవాడి క్షేమం కోసం నిబంధనలు పెట్టే అధికారం మాత్రం దానికి దాదాపుగా లేదు. ఎవరైనా చనిపోవడమో, తీవ్రంగా గాయపడటమో, ప్రమాదం అంచుదాకా వెళ్ళడమో జరిగితే అప్పుడు దానికి కారణమైన భాగం మీద ఆంక్ష పెట్టవచ్చు. అంటే నియమం రావాలంటే ముందు దెబ్బ తగలాలి.

ఈ చట్టం చేసినవాళ్ళ వాదనను కూడా న్యాయంగా వినాలి. కొత్త విద్యకు మొదట్లోనే వంద నియమాలు పెడితే అది ఎదగదు, తొలినాళ్ళ విమానాలు కూడా అలా కట్టడిచేస్తే గాల్లోకి లేచేవే కావు అని వాళ్ళు అంటారు. అందులో నిజం ఉంది. ఆ వెసులుబాటు మొదట ఎనిమిదేళ్ళకే ఇచ్చారు. తర్వాత పలుమార్లు పొడిగించారు. బిడ్డ నడక నేర్చుకుంటోంది, చెయ్యి పట్టుకోవద్దు అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నారన్నమాట.

ఇప్పుడు మన కొలిమి దగ్గరకు వద్దాం. మనవాళ్ళలో చాలామంది కడాయిలు, జల్లెళ్ళు, బకెట్లు, కత్తులు, తాళాలు చేసి అమ్ముతారు. మిఠాయి దుకాణం యజమాని ఒక పెద్ద కడాయి కొన్నాడనుకోండి. బేరం ఆడాడు, తగ్గించమన్నాడు. "ఈ ధరకైతే చెవులకు సన్న రివిట్లే వేస్తాను, ఊడితే నా పూచీ లేదు" అని మనం చెప్పాం. సరేనన్నాడు. కావాలంటే కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. నెల తర్వాత చెవి ఊడింది. కాగే నూనె ఎవరి కాళ్ళ మీద పడుతుంది? బేరమాడినవాడు గల్లా దగ్గర కూర్చుని ఉంటాడు. పొయ్యి దగ్గర ఉన్న వంటవాడి కాళ్ళ మీద పడుతుంది. వాడు మనల్ని చూడలేదు, బేరం వినలేదు, కాగితం చదవలేదు. డబ్బిచ్చినవాడూ కాలినవాడూ ఒకరు కాకపోవడం మన వృత్తిలో కొత్త సంగతి కాదు.

రాకెట్ల వ్యవహారంలోనూ మొదట కాలింది అలాంటివాళ్ళే. 2007 జులై 26న కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో స్కేల్డ్ కాంపోజిట్స్ అనే కంపెనీ కార్మికులు ఒక పరీక్ష చేస్తున్నారు. వర్జిన్ గెలాక్టిక్ పర్యాటకుల కోసం తయారవుతున్న వాహనపు ఇంజన్‌కు సంబంధించిన పరీక్ష అది. మంట వెలిగించే పరీక్ష కూడా కాదు, నైట్రస్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని గొట్టాల్లోంచి పంపి చూస్తున్నారంతే. పళ్ళ డాక్టర్లు నొప్పి తెలియకుండా ఇచ్చే వాయువు అదే కాబట్టి ప్రమాదం లేనిదనిపిస్తుంది. అది పేలింది. ముగ్గురు చనిపోయారు, మరో ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. ఆ పదార్థం వల్ల కలిగే అపాయాల గురించి పనివాళ్ళకు తగినంతగా చెప్పలేదని, శిక్షణ ఇవ్వలేదని రాష్ట్ర కార్మిక భద్రతా శాఖ తేల్చి, 25 వేల డాలర్లకు పైగా జరిమానా వేసింది. ఆ రోజుల్లో ఒక్క టికెట్ ధర 2 లక్షల డాలర్లు.

ఆ కంపెనీ దుర్మార్గులదని చెప్పడానికి ఇది రాయడం లేదు. 2004లో మనుషులను అంతరిక్షం అంచుకు చేర్చిన మొదటి ప్రైవేటు వాహనం చేసింది వాళ్ళే, దానికి కోటి డాలర్ల బహుమతి కూడా గెలిచారు. గొప్ప పనివాళ్ళు. కానీ టికెట్ కొనబోయేవాడికి ప్రమాదాలన్నీ రాసిచ్చి తీరాలని చట్టం చెప్పిన మూడేళ్ళకు, గొట్టం పక్కన నిలబడ్డవాడికి ఆ మాత్రం చెప్పలేదని తేలింది. ఇది మాత్రం మనం మరచిపోకూడదు.

అదే ఎడారి మీద 2014 అక్టోబరు 31న ఆ వాహనం పరీక్షా ప్రయాణంలో గాల్లోనే ముక్కలైంది. సహ పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ చనిపోయాడు. పైలట్ పారాషూట్‌తో బయటపడ్డాడు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, తాళాలు చేసేవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. ఆ వాహనం తోక పైకి లేచి, బ్యాడ్మింటన్ ఆడే కాక్ లాగా నెమ్మదిగా కిందికి దిగేలా చేశారు. ఆ తోకకు ఒక తాళం ఉంటుంది. ధ్వని వేగానికి 1.4 రెట్లు అందుకున్నాకే ఆ తాళం తీయాలి. ఆల్స్‌బరీ 0.8 రెట్ల దగ్గరే తీశాడు. గాలి ఒత్తిడికి తోక తానుగా లేచి వాహనం విరిగిపోయింది.

"పైలట్ తప్పు" అని చెప్పి ఫైలు మూసేయవచ్చు. విచారణ చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి 2015 జులైలో అలా మూయలేదు. ఒక్క మనిషి ఒక్క క్షణం పొరబడితే వాహనమంతా పోయే పరిస్థితి ఎందుకు వచ్చింది అని అడిగింది. మనిషి పొరబడవచ్చన్న సంగతిని తయారీదారు లెక్కలోకి తీసుకోలేదని చెప్పింది. అనుమతులిచ్చిన ప్రభుత్వ సంస్థ తీరునూ తప్పుపట్టింది. రాకెట్టు ఊపుకు ఒళ్ళంతా అదిరిపోతుంటే, క్షణాల్లో పదిపనులు చేయాల్సిన మనిషి ఒక మీట ముందుగా లాగడు అని అనుకోవడమే ఇక్కడ తప్పు. మన తాళం కప్పలో కూడా అంతే. చెవి తిరగకూడని వైపు తిప్పితే లోపలి పళ్ళు విరిగేలా చేసి, "నువ్వెందుకు తిప్పావు" అని కొన్నవాడిని అంటే వాడు మళ్ళీ మన దగ్గరకు రాడు.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. కార్మికులది వేరు, పైలట్‌ది వేరు, పూర్తిగా తెలిసి, చదువుకుని, లాయరు చేత చూపించుకుని సంతకం పెట్టిన కోటీశ్వరుడి విషయంలో తయారీదారుకు ఇంకా ఏం బాకీ ఉంటుంది? మంచి ప్రశ్న. దీనికి జవాబు మన పేరులోనే ఉంది. ఆయుధానికి మెరుగుపెట్టేవాడు సిక్లిగర్. గురువుల కాలంలో దళాలకు కత్తులు చేసి ఇచ్చిన చేతులు మనవని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ కత్తి పట్టుకుని కదనానికి వెళ్ళినవాడు చావుకు ఒప్పుకునే వెళ్ళాడు. అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఏ కాగితం మీదా ఉండదు. వాడు ఎలాగూ చావుకు సిద్ధపడ్డాడు కదా అని మన పెద్దలు సరిగ్గా కాల్చని ఇనుముతో కత్తి చేసి ఇచ్చారా? ఎర్రగా కాలిన కత్తిని నీళ్ళలో ముంచడంలో తేడా వస్తే అది గాజులా విరుగుతుంది, లేదా రేకులా వంగుతుంది. పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి. ఆ తేడా చేసినవాడికి తప్ప చేతబట్టినవాడికి తెలియదు. వాడు అంత నమ్మకంగా ప్రాణం చేతిలో పెట్టుకుని వెళ్తున్నాడు కాబట్టే చేసేవాడి బాధ్యత రెట్టింపవుతుంది. శత్రువు దెబ్బకు వాడు ఒప్పుకున్నాడు, మన నిర్లక్ష్యానికి ఒప్పుకోలేదు.

అంతరిక్ష యాత్రికుడి సంతకం కూడా ఇంతే అని మా అభిప్రాయం. ఆకాశంలో ఉండే ప్రమాదానికి అది చెల్లుతుంది. కంపెనీకి తెలిసీ అతనికి తెలియని లోపానికి చెల్లదు. కోర్టు ఏమంటుందన్నది వేరే సంగతి.

2023 జూన్‌లో టైటానిక్ ఓడ శకలాలను చూడటానికి సముద్రం లోతుకు దిగి నలిగిపోయిన టైటన్ అనే చిన్న జలాంతర్గామి గుర్తుందా? అది సముద్రం కథ, ఆకాశానిది కాదు, నిజమే. కానీ అందులో చనిపోయిన ఐదుగురిలో హేమిష్ హార్డింగ్ అనే బ్రిటిష్ వ్యాపారి ఏడాది ముందు బ్లూ ఆరిజిన్ రాకెట్టెక్కి వచ్చినవాడే. అక్కడా టికెట్ 2 లక్షల 50 వేల డాలర్లు. అక్కడా చావు సంగతి రాసిన కాగితం మీద సంతకం. అక్కడా ప్రయాణికులు అనే మాట వాడలేదు, మిషన్ నిపుణులు అన్నారు. దాని భద్రత మీద అభ్యంతరాలు లేవనెత్తిన ఉద్యోగిని 2018లోనే కంపెనీ తీసేసింది. ఈ సంగతి సంతకం పెట్టేవాడి కాగితంలో ఉంటుందా? యజమాని స్టాక్టన్ రష్ కూడా అందులోనే ఉండి చనిపోయాడు, కాబట్టి అతను మోసం చేయలేదు, నమ్మే చేశాడు అంటారు. నమ్మకం ఉండవచ్చు. తనతో పాటు ఒక పందొమ్మిదేళ్ళ కుర్రవాడిని, వాడి తండ్రిని తీసుకెళ్ళాడు. తానూ చనిపోవడంతో ఆ బాకీ తీరిందని మేం అనుకోలేం. ఆ ప్రమాదం నివారించదగినదేనని 2025 ఆగస్టులో అమెరికా కోస్ట్ గార్డ్ తన నివేదికలో తేల్చింది.

ఇదంతా ధనికుల మీద కోపంతో చెబుతున్నది కాదు. 2021 జులై 20న బెజోస్‌తో వెళ్ళిన వాలీ ఫంక్ అనే ఆమెకు అప్పుడు 82 ఏళ్ళు. 1961లో వ్యోమగాముల పరీక్షలు నెగ్గి కూడా ఆడమనిషి అయినందుకు ఆమెకు అవకాశం రాలేదు. అరవై ఏళ్ళు ఎదురుచూసింది. గోపి తోటకూరతో కలిసి వెళ్ళిన ఎడ్ డ్వైట్ అనే నల్లజాతి పైలట్‌కు 90 ఏళ్ళు, ఆయనదీ 1960లలో చేయిజారిన అవకాశమే. వాళ్ళ ఆనందాన్ని చూసి ఎగతాళి చేసే మనసు ఎవరికుంటుంది? డబ్బు సంగతి వేరే చర్చ. తిరిగొచ్చాక బెజోస్ అమెజాన్ ఉద్యోగులకు, కొనుగోలుదారులకు ధన్యవాదాలు చెప్పి, దీనికి డబ్బు కట్టింది మీరే అన్నాడు. గోదాముల్లో నిలబడి పనిచేసేవాళ్ళు ఆ మాటకు నవ్వారో ఏడ్చారో వాళ్ళనే అడగాలి. ఇంధనం మండి పైవాతావరణంలో మిగిలే మసి గురించి శాస్త్రవేత్తలు చెబుతున్నది కూడా ఉంది. ఆ గాలి టికెట్ కొననివాళ్ళది కూడా.

ప్రైవేటు కంపెనీలకు లాభాపేక్ష కాబట్టి ఇలా జరుగుతుంది, ప్రభుత్వమైతే జరగదు అని కూడా అనలేం. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా విరిగిపోయి హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. లేచేటప్పుడే నురుగు ముక్క ఒకటి ఊడి రెక్కకు తగిలింది. ఆ దెబ్బ ఎంతుందో అంతరిక్షంలోనే ఫోటోలు తీయించి చూద్దామని ఇంజనీర్లు అడిగితే పైవాళ్ళు పట్టించుకోలేదు. 1986లో ఛాలెంజర్ పేలకముందు రాత్రి కూడా, ఈ చలిలో వద్దని రాకెట్టు చేసిన కంపెనీ ఇంజనీర్లు చెప్పారు. ఆ వాహనంలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి పంతులమ్మ ఉంది. షటిల్ మొత్తం 135 సార్లు ఎగిరింది, రెండుసార్లు కూలింది, 14 మంది పోయారు. రెండుసార్లూ పనిచేసేవాడు ముందే నోరు విప్పాడు.

మన పిల్లలకు చెప్పాల్సిన భాగం ఇక్కడ ఉంది. ఈ పని ఎక్కడో అమెరికాలోనే జరుగుతుందనుకోవద్దు. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ కంపెనీ చేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచింది. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ చేసిన మొదటి రాకెట్టు అది. అది మనుషులను మోసేది కాదు. అయితే ఇలాంటి పని పెరిగేకొద్దీ వెల్డింగ్ చేసేవాళ్ళు, లోహాన్ని కోసేవాళ్ళు, నునుపు చేసేవాళ్ళు కావాలి. ఐ.టి.ఐ. చదివే మన కుర్రవాళ్ళు అక్కడికి చేరరని ఎవరన్నారు? తరతరాలుగా చేతిలో ఉన్న విద్యే కదా. ఒకరోజు అతుకులో సన్నటి గీత కనిపిస్తుంది. గడువు దగ్గర పడింది, సూపర్‌వైజర్ తొందరపెడుతున్నాడు, "ఎక్కేవాళ్ళు అన్నీ ఒప్పుకుని సంతకాలు పెట్టారులే" అంటాడు. ఉద్యోగం పోతుందన్న భయం నిజమైనదే, ఇంట్లో పిల్లలున్నారు. ఆ సమయంలో నోరు విప్పడం ఒక్కడి వల్ల కాదు. అందుకే పక్కన ఉన్న నలుగురూ కలిసి చెప్పాలి, ఇంట్లోవాళ్ళు "నీకెందుకు" అనకూడదు, ఉద్యోగం పోతే సంగత్ ఆ ఇంటిని ఆదుకోవాలి. కిరత్ అని మనం రోజూ చెప్పే మాటలో ఇదీ ఉంది.

మొదట చెప్పిన గోపి తోటకూర ప్రయాణంలో ఒక సంగతి మిగిలిపోయింది. వాళ్ళు కిందికి దిగేటప్పుడు మూడు పారాషూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. ఆరుగురూ క్షేమంగానే దిగారు, ఎందుకంటే ఒకటి విఫలమవుతుందని ముందే అనుకుని ఆ గూడును తయారు చేశారు. అంతకుముందు 2022 సెప్టెంబరు 12న మనుషులు లేని ప్రయాణంలో అదే కంపెనీ రాకెట్టు ఇంజన్ చెడిపోయినప్పుడు కూడా, పైనున్న గూడు తానుగా విడిపోయి దిగింది. ఆ జాగ్రత్తలు తీసుకోమని ఏ సంతకమూ వాళ్ళను బలవంతపెట్టలేదు. ఎవరో బల్ల ముందు కూర్చుని, ఇది పాడైతే ఏం జరుగుతుంది అని అడిగి ఉంటారు, ఆ ప్రశ్నను పైవాళ్ళు విని ఉంటారు.

అమెరికాలో ఆ వెసులుబాటు గడువు ఇప్పటికి 2028 జనవరి 1 దాకా ఉంది. ఈలోగా ఎక్కే ప్రతి ఒక్కరూ ఆ కాగితం మీదే సంతకం పెడతారు.